విప్పిన వైపర్లు

కిరసనాయిలు పోసి ఇంతసేపయినా కదలడం లేదంటే ఇది తుప్పు ఒక్కటే కాదు, లోపల పళ్ళల్లోకి ఉప్పు దిగింది, సముద్రపు గాలి తిన్న ఇనుము అంతే, పైకి తళతళలాడుతూనే లోపల పట్టేసుకుంటుంది, నట్టు ఊడొచ్చింది గానీ కడ్డీ ఇరుసుని వదలడం లేదు, మధ్యలో పట్టుకుని లాగకూడదు, వంగుతుంది, మెలిపెట్టకూడదు, ఇరుసు మీది సన్నటి పళ్ళు అరిగాయంటే ఇక ఏ వైపరూ దాని మీద నిలబడదు, రెండు పక్కలా రెండు స్క్రూడ్రైవర్లు దూర్చి, కింద గుడ్డ మడిచి పెట్టి, అటు కాస్త ఇటు కాస్త ఎత్తుతూ పోవాలి, పాలపన్ను ఊపినట్టు, ఇదంతా నాకు నేర్పింది ఎవాల్డ్ అన్నే, ఇవాళ విప్పమన్నదీ ఎవాల్డ్ అన్నే, తెల్లారగానే మా గుమ్మంలో నిలబడి, చేతులు కోటు జేబుల్లోంచి తియ్యకుండా, ఒరేయ్ ఎల్మార్, నా వోల్గా కారు వైపర్లు విప్పి మీ ఇంటికి పట్టుకుపో, నీ కారువి పనికిరాకుండా పోయాయి కదా, నావి పెట్టుకో అన్నాడు, కారు అమ్మేశానన్నాడు, సముద్రానికి అవతలి ఒడ్డున పాత కార్లు పోగేసే ఆయనెవరో కొన్నాడట, ఆయన దగ్గర కొత్త వైపర్లు పెట్టెలో అలాగే ఉన్నాయట, ఇవాళే గడ్డకట్టిన సముద్రం మీదుగా తోలుకుపోయి ఇచ్చేస్తానన్నాడు, సరే అన్నాను, నాకెప్పుడూ సరే అనే మాట ముందొస్తుంది, మిగతా మాటలు పని మధ్యలో వస్తాయి, అప్పటికి ఎదుట మనిషి ఉండడు.

మంచు మళ్ళీ మూలిగింది, చెవులతో కాదు, బూట్ల అడుగునుంచి తెలిసింది, ఈ షెడ్డు నాన్న పడవ కోసం కట్టింది కాబట్టి తలుపులు రెండూ సముద్రం వైపే తెరుచుకుంటాయి, కారు ముక్కు కూడా అటే ఉంది, బయట తడిమంచు పడుతోంది, పొడిమంచయితే దులిపేస్తే పోతుంది, ఇది పడగానే అంటుకుంటుంది, కరిగీ కరగకుండా జారుతుంది, మంచుని మెత్తబరిచే దక్షిణపు గాలి మొదలై మూడో రోజో నాలుగో రోజో, గడ్డకట్టిన సముద్రం మీద దారి పొడుగునా గుర్తుకి పాతిన జూనిపర్ కొమ్మల్లో దగ్గరివి మాత్రం కనిపిస్తున్నాయి, వాటి మొదళ్ళ చుట్టూ బూడిదరంగు మడుగులు, అంతకు అవతల ఏమీ లేదు, తెల్లటి గోడ, మొన్ననే దారి మూసేసి అడ్డకర్ర దించారు, పొద్దున గుమ్మంలోనే దారి మూశారు కదన్నా అని అన్నాను, అది మాత్రం అడిగాను, అడ్డకర్రకి ఎడంపక్క రెల్లులోంచి ఒక కారు పట్టేంత సందుందిలే అన్నాడు, గాలి మారింది కదా అన్నాను, మంచు మీద ఎలా పోవాలో నాకు చెప్తున్నావా అన్నాడు నవ్వుతూ, నిజమే, ఆయనకి నేను చెప్పేదేముంది, మెల్లగానైనా పోవాలి, జోరుగానైనా పోవాలి, మధ్య వేగంలో మాత్రం పోకూడదు, పోతే మంచుపలక కింద నీళ్ళు అలలా లేచి మన కన్నా ముందు పరిగెత్తి పలకని విరిచేస్తాయి, సీటుబెల్టు పెట్టుకోకూడదు, ముందు కారుకి దగ్గరగా పోకూడదు, ఎక్కడా ఆగకూడదు, ఇవి మాకు అన్నంతోపాటు పెట్టిన మాటలు, అయినా ఇవన్నీ గట్టి మంచుకి, దీనికి కాదు, దీని మీద నిన్న నక్క కూడా ఒడ్డంట తిరిగిపోయింది, అడుగులు చూశాను, పది గజాలు పోయి వెనక్కొచ్చేసింది.

మొదటిది కదిలింది, కిర్రుమని చిన్న చప్పుడు, చేతికి తెలిసింది, ఇంకొంచెం, ఇంకొంచెం, ఊడింది, చేతిలోకి తీసుకుంటే ఎంత తేలిక, ఈ వైపర్లని నేను ఈ కారు మీద కన్నా హెల్వే వదిన వంటింటి గుమ్మం పక్క కొక్కేనికే ఎక్కువసార్లు చూశాను, ఆ రోజుల్లో వైపర్లని కారుకి ఉంచి ఎవడు పోయేవాడు, కొట్లో దొరికేవి కావు, పొద్దున్నకల్లా పక్కవాడి కారు మీద ఉండేవి, అందుకని కారు ఆపగానే వైపర్లు పీకి చంకలో పెట్టుకోవడం, బానెట్ ఎత్తి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలి రోటర్ కూడా జేబులో వేసుకోవడం, బొటనవేలంత నల్లటి ముక్క, అది లేకపోతే దేవుడొచ్చి తాళం తిప్పినా ఇంజను అంటుకోదు, పాత రాజ్యం పోయి దేశం మారి, దొంగలు మారినా అన్న మాత్రం మానలేదు, చలికాలం ఎండాకాలం తేడా లేదు, వైపర్లు కొక్కేనికి, రోటర్ చొక్కా జేబులోకి, ఒకసారి వదిన చూసుకోకుండా చొక్కాతోపాటు ఉతికేసింది, ఆరేసిన చొక్కాలోంచి తీసి చూపిస్తూ, ఇదిగోండి మీ రెండో పెళ్ళాం, స్నానం చేయించాను, ఇక వాసన రాదు అంది, అన్న దాన్ని రొట్టెలు కాల్చే పొయ్యి మీద ఆరబెట్టుకున్నాడు, ఆవిడ నవ్వితే పక్కింట్లోకి వినపడేది, మొన్న శరదృతువులో పోయింది, బంగాళాదుంపలు తవ్వడం పూర్తవకముందే, మిగిలిన చాళ్ళు అలాగే ఉన్నాయి మంచు కింద, తవ్వుతానన్నా అంటే వద్దులేరా ఎవరు తింటారు అన్నాడు, నేను కూడా ఊరుకున్నాను, కొక్కెం ఇప్పుడు ఖాళీగా ఉంటుంది కాబోలు, ఇవాళ పొద్దున ఈ వైపర్లు కారుకే ఉన్నాయి, ఎప్పుడు తగిలించాడు, ఎన్నాళ్ళ నుంచి తీసి లోపల పెట్టుకోవడం మానేశాడు.

అన్న వచ్చాడు, కాఫీ ఫ్లాస్కు తెచ్చాడు, కప్పు ఒకటే తెచ్చాడు, నాకు పోసి ఇచ్చి తను తలుపు చెక్కకి ఆనుకున్నాడు, ఇంకా ఒకటేనా తీసింది, నువ్వు వైపరు విప్పుతున్నావా దానికి పెళ్ళి చేస్తున్నావా అన్నాడు, ఇదీ మామూలు మాటే, ఇలాగే ఉంటుంది ఆయన మాట, పళ్ళు పోతాయన్నా అన్నాను, నీకున్న నాలుగూ ఎప్పుడో పోతాయిలే అన్నాడు, నవ్వాను, గడ్డం గీసుకున్నాడు, మెడ దగ్గర చిన్నగా తెగింది, వదిన పోయినప్పుడు వేసుకున్న తెల్లచొక్కా ఉంది కోటు కింద, బేరానికి పోతున్నాడు కదా, తెల్లచొక్కా వేసుకోవద్దా, కుక్కేదన్నా అన్నాను, ఎప్పుడూ కాళ్ళ మధ్యే తిరిగేది, మారెట్‌కి ఇచ్చి వచ్చా అన్నాడు, మారెట్ అంటే మా ఉత్తరాలావిడ, మంచు విరిగితే పడవ తిరిగేదాకా అవతలే ఉండిపోవాలి కదరా, అక్కడ కుక్కని ఎవడు పెట్టుకోనిస్తాడు అన్నాడు, అదీ నిజమే, ఆయన చెప్పే ప్రతిదానికీ ఒక కారణం ఉంది, అన్నీ సరిగ్గా సరిపోతున్నాయి, ఏ నట్టుకి ఆ నట్టు, కొన్నాయన పేరేంటన్నా అన్నాను, సముద్రం వైపు చూస్తూ, ఏదో ఉందిరా, కాగితం మీద రాసుకున్నా అన్నాడు, ఎదురొస్తాడా అవతలి ఒడ్డుకి అన్నాను, నువ్వేంట్రా ఇవాళ ఇన్ని అడుగుతున్నావు, ఏడాదికి సరిపడా మాటలు ఇవాళే ఖర్చు పెట్టేస్తావా, పని చూడు, వెలుతురుండగా పోవాలి అన్నాడు, మళ్ళీ మూలిగింది బయట, ఈసారి పొడుగ్గా, ఒడ్డునుంచి లోపలికి పాకుతూ పోయింది, మామూలుగా అయితే ఇద్దరం తలెత్తి విని, అది ఏ మూల నుంచి వచ్చిందో పందెం వేసుకుంటాం, అన్న తల తిప్పలేదు, ఇంటి కప్పు మీద వాన పడుతుంటే వినే మనిషిలా, చాలా ఇష్టంగా, కళ్ళు సగం మూసి విన్నాడు.

రెండోది డ్రైవరు వైపుది, ఇది ఇంకా మొండిది, బ్లేడు ముందే తీసి పక్కన పెట్టాను, కడ్డీని అద్దం మీంచి పైకెత్తి నిలబెట్టి ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో స్క్రూడ్రైవరు దూర్చాను, అన్న కోటు వైపు చూస్తున్నాను, కోటు మెడ దగ్గర తాడు లేదు, మంచు మీదికి పోయేవాడు ఎవడైనా మెడలో రెండు మేకులు కట్టిన తాడు వేసుకుంటాడు, పడితే పలక అంచుని పొడిచి పట్టుకుని పైకి పాకడానికి, చిన్నపిల్లలకి కూడా వేసి పంపిస్తాం, పిల్లి మంచు మీదికి పోతానంటే దానిక్కూడా వేసేదాన్ని అనేది అమ్మ, అన్న తాడు మాత్రం ఇక్కడే, షెడ్డు గోడకి, నాన్న వలల పక్కన మేకుకి వేలాడుతోంది, దుమ్ము కూడా కదలలేదు దాని మీద, మర్చిపోయాడా, అన్నా నీ మేకులు అందామని నోరు తెరిచాను, చేతిలో కడ్డీ జారింది, స్ప్రింగు ఊరుకుంటుందా, బ్లేడు లేని ఉత్త ఇనుము టప్పున వచ్చి అద్దం మీద పడింది, పడ్డ చోట చిన్న నక్షత్రం, అందులోంచి గీత ఒకటి మెల్లగా, మేం ఇద్దరం చూస్తుండగానే, కిందికి పాకింది, ఆగింది, మళ్ళీ కాస్త పాకింది.

ఈ అద్దం రీగా పట్నం నుంచి తెచ్చింది, దుప్పట్లలో చుట్టి, వెనకసీట్లో వదిన ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా పసిపిల్లని ఎత్తినట్టు పైకెత్తుకుంటూ తెచ్చిన అద్దం, దీని మీద ఈగ వాలితే ఆయన ఓర్చుకునేవాడు కాదు, ఒకప్పుడు నా గొడ్డలి పిడి తగిలి తలుపు రంగు గీసుకుపోయిందని ఎండాకాలం అంతా నాతో మాట్లాడలేదు, గడ్డి కోతల్లో పక్కపక్కనే నడుస్తూ, ఏమన్నా కావాలంటే హెల్వేతో చెప్పించేవాడు, వాడిని ఆ నీళ్ళ కుండ ఇటిమ్మను అని, నేను తల దించుకున్నాను, తిట్లు వస్తాయని చూస్తున్నాను, దున్నపోతా అంటాడు, చేతులున్నాయా అవి అంటాడు, కళ్ళు ఎక్కడ పెట్టావురా అంటాడు, అవన్నీ వరసగా నా చెవుల్లోకి ముందే వచ్చి కూర్చున్నాయి, అన్న దగ్గరికి వచ్చాడు, గీతని వేలితో పైనుంచి కిందికి తడిమాడు, పోనీలేరా అన్నాడు, ఎంతో మెత్తగా అన్నాడు, దాంతో ఇప్పుడేం పని అన్నాడు, నా భుజం మీద చెయ్యి వేశాడు, మా ఇద్దరికీ భుజాల మీద చేతులు వేసుకునే అలవాటు లేదు, అమ్మని పాతిపెట్టిన రోజు కూడా వేసుకోలేదు, ఆ చెయ్యి అక్కడే ఉంది కాసేపు, తర్వాత, ఇంట్లో పొయ్యి చూసి వస్తా, తలుపులు వేసి రావాలి, నువ్వు ఆ రెండోది తీసెయ్ ఈలోపు అని వెళ్ళాడు.

పొయ్యి చూసి రావడానికి పొయ్యి వెలిగితే కదా, ఇంటి గొట్టం లోంచి పొద్దుట్నుంచీ పొగ లేదు, నేను వచ్చేటప్పుడే చూశాను, చూసి ఏమీ అనుకోలేదు, అమ్మే కారు అద్దం పగిలితే ఎవడైనా పోనీలే అంటాడా, కొన్నాయన ఏమంటాడో అని ఒక్క మాటైనా రాదా, వైపర్లు లేకుండా, ఈ తడిమంచులో, జూనిపర్ కొమ్మ ఒకటి దాటి ఇంకోటి కనపడనప్పుడు, అద్దం మీద పడ్డది పడ్డట్టే అతుక్కుంటుంటే, ఎటు పోతున్నాడో ఎలా చూస్తాడు, చూడక్కర్లేదు, ఆయనకి ముందుకి చూడక్కర్లేదు, కొన్నాయన లేడు, కాగితం లేదు, అవతలి ఒడ్డు కూడా లేదు, అందుకే వైపర్లు నాకు, కుక్క మారెట్‌కి, మేకులు గోడకి, మంచి ఇనుము నీళ్ళపాలు కావడం ఎందుకని నాకు ఇచ్చిపోతున్నాడు, చచ్చేంత లెక్కగా బతికిన మనిషి, నా చేతులతోనే విప్పించాడు, నేను పాలపన్ను ఊపినట్టు ఊపి, పళ్ళు పోకుండా, జాగ్రత్తగా విప్పి ఇచ్చాను, ఒకటి బల్ల మీద పడి ఉంది, రెండోది ఇరుసు మీద సగం లేచి ఉంది, నా వేళ్ళు దాని మీద ఉన్నాయి, ఏం చెయ్యను, పోయి అడగనా, అడిగితే నవ్వుతాడు, నీకు మతి పోయిందా అంటాడు, ప్రతిదానికీ కారణం చెప్తాడు, అన్నీ సరిపోతాయి, నేను సరే అంటాను, నాకు సరే అనే మాట ముందొస్తుంది.

బానెట్ ఎత్తాను, ఎత్తానని చేతులకే ముందు తెలిసింది, డిస్ట్రిబ్యూటర్ మూత క్లిప్పులు రెండూ బొటనవేళ్ళతో తోశాను, రోటర్ పీకాను, జేబులో వేసుకున్నాను, మూత పెట్టాను, బానెట్ దించుతుంటే వచ్చాడు, తెల్లచొక్కా మీద కోటు బొత్తాలు అన్నీ పెట్టుకుని, ఏంట్రా అక్కడ అన్నాడు, నీళ్ళున్నాయో లేదో చూశా అన్నాను, ఉన్నాయా అన్నాడు, ఉన్నాయి అన్నాను, రెండోది ఊడలేదన్నా, పట్టేసింది అన్నాను, ఉంటే ఉండనీలే, ఒకటైనా దక్కింది నీకు అని సీట్లో కూర్చున్నాడు, సీటుబెల్టు పెట్టుకోలేదు, తలుపు వేశాడు, మామూలుగా మంచు మీదికి పోయేవాడు తలుపు పూర్తిగా వెయ్యడు, మంచు విరిగితే బయటికి దూకడానికి దగ్గరికి లాగి వదిలేస్తాడు, ఆయన గట్టిగా లాగి మూశాడు, కిటికీ అద్దం కూడా తిప్పి పైదాకా ఎక్కించాడు, నేను అటునుంచి తిరిగి రెండో తలుపు తీసి పక్కన కూర్చున్నాను, నువ్వెక్కడికి, దిగు అన్నాడు, దిగలేదు, దిగరా ఎల్మార్, తమాషాలు వద్దు అన్నాడు, నేను ముందుకే చూస్తున్నాను, గీత పాకిన అద్దంలోంచి సముద్రం రెండు ముక్కలుగా కనిపిస్తోంది, తాళం తిప్పాడు, ఇంజను తిరిగింది, అంటుకోలేదు, మళ్ళీ తిప్పాడు, ఉత్తినే తిరిగింది, మూడోసారి తిప్పబోయి ఆగాడు, ఆయనకి చెప్పాలా, జీవితమంతా ఆ ముక్క జేబులో వేసుకు తిరిగినవాడు, తల తిప్పకుండా కుడిచెయ్యి చాచాడు, అరచెయ్యి పైకి, జేబులోది ఇవ్వు అన్నాడు, ఇవ్వలేదు, ఇవ్వరా, నువ్వు ఇవాళ ఇవ్వకపోతే రేపు లేదా, రేపు మంచు ఇంకా మెత్తబడుతుంది, అంతే కదా అన్నాడు, అదే మెత్తటి గొంతుతో, మొట్టమొదటిసారి నిజం చెప్పాడు.

బయట మంచు మూలిగింది, ఎంత దగ్గరగా అంటే సీటు కింద మూలిగినట్టు, చాచిన చెయ్యి అలాగే ఉంది, ఆ చెయ్యి నాకు తెలుసు, అప్పుడు అది పద్నాలుగేళ్ళ చెయ్యి, నేను మూడో తరగతిలో ఉన్నాను, ఇదే మార్చి నెల, సైనికులొచ్చి అమ్మతో సహా మమ్మల్ని పశువుల రైలుపెట్టెల్లో ఎక్కించి దూరపు తూర్పుకి ప్రవాసం తీసుకుపోయారు, నా బడి అక్కడితో సరి, ఆ మరుసటి చలికాలం పిండిమర నుంచి ఇద్దరం నడిచి వస్తుంటే మంచు తుఫాను, దారి లేదు, ఆకాశం లేదు, నేను కూర్చుండిపోయాను, ఎంత హాయిగా ఉందో, వెచ్చగా ఉంది, వదిలెయ్ అన్నా, కాసేపు ఉండి వస్తా అన్నాను, ఇలాగే, ఇంత మెత్తగానే అన్నాను కాబోలు, అన్న బతిమాలలేదు, అమ్మ ఏడుస్తుందని చెప్పలేదు, చెయ్యి పట్టి లేపి వెనక ఒక తన్ను తన్ని, మాట్లాడరా అన్నాడు, ఏం మాట్లాడను అంటే, మన రేవులో పడవలు ఎవరెవరివో చెప్పు, రంగులతో చెప్పు, మాట ఆపావా నిద్రపోతావు, నిద్రపోయావా ఇక లేవవు అన్నాడు, చెప్పాను, పడవలు అయిపోయాయి, కోళ్ళు చెప్పమన్నాడు, కోళ్ళు అయిపోయాయి, మళ్ళీ పడవలు మొదలెట్టు అని ఇంకో తన్ను, గుడిసెల దీపం కనపడేదాకా, ఆ రాత్రి తర్వాత నాకు మాటలు అయిపోయినట్టున్నాయి, ఊరంతా నన్ను మూగ ఎల్మార్ అంటారు, నేను ఇన్నాళ్ళూ ఏమనుకున్నానంటే ఆ రోజు నన్ను కాపాడింది ఆ చెయ్యి, ఆ తన్నులు అని, కాదు, నా చేత ఆపకుండా ఆడించిన ఆ మాటలు, ఇప్పుడు ఈ కారులో, ఈ పగిలిన అద్దం వెనక కూర్చుంటే తెలుస్తోంది, శరదృతువు నుంచి రోజూ సాయంత్రం ఆయన వంటింట్లో ఎదురుగా కూర్చుని, ఇద్దరం ఒక్క మాట లేకుండా, అన్నకి తోడుగా ఉన్నాననుకున్నాను, ఆయన మంచులో కూర్చుండిపోయాడు, నేను పక్కన నిలబడి ఊరుకున్నాను, ఈ రోటర్‌తో ఒక్క పూట ఆగుతుంది, అంతే, ఆయన చెప్పింది నిజం, రేపు ఉంది, ఎల్లుండి ఉంది, మంచు విరిగాక ఉత్త నీళ్ళున్నాయి, నేను మాట్లాడాలి, బాగా మాట్లాడక్కర్లేదు, ఏదో ఒకటి, ఆపకుండా, ఆ చాచిన అరచేతిలో నేను నా చెయ్యి పెట్టాను, ఉత్త చెయ్యి, రోటర్ జేబులోనే ఉంది, నోరు తెరిచాను, మన రేవు కొసన, ఉత్తరం వైపు, యుఖాన్ మావయ్య పడవ, నల్లటి అడుగు, పైన ఆకుపచ్చ గీత అన్నాను, అన్న కదల్లేదు, దాని పక్కన పాస్టరు గారి తెల్లది, తెడ్డు ఒకటి కొత్తది ఒకటి పాతది అన్నాను, బయట తడిమంచు అద్దం మీద పడి జారుతోంది, ముందున్నదేదీ కనపడడం లేదు, దాని పక్కన అని ఆగాను, ఒక్క క్షణం రాలేదు, దాని పక్కన, గుర్తు రావడం లేదన్నా, దాని పక్కన ఎవరిది అన్నాను, మనదేరా అన్నాడు, ఏ రంగన్నా అన్నాను.